పేగు కణాల పట్టు – అతిసారంలో పిల్లలకు ఆహారం ఎందుకు ఆపరాదు?

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గంలో, యూసుఫ్‌గూడ, బోరబండలకు చేరువలో ఉన్న రహమత్ నగర్ ఇరుకు గల్లీలతో, ఒకదానినొకటి ఆనుకొని నిలిచిన ఇళ్లతో నిండిన పేట. చిత్ర పరిశ్రమను నమ్ముకొని జీవించే లైట్‌మెన్, వడ్రంగులు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు ఈ పరిసరాలలో అధిక సంఖ్యలో నివసిస్తున్నారు. తొలకరి జల్లులు పడినది మొదలు ఇటువంటి పేటలలో చిన్నపిల్లలకు విరేచనాలు పట్టుకోవడం ఏటా కనిపించే విషయమే. అటువంటి సమయంలో అనేక ఇళ్లలో పెద్దలు మొట్టమొదట చేసే పని బిడ్డకు అన్నం, పాలు మాన్పించడం. లంఖణం పరమౌషధం అన్న నానుడి వారికి ఆధారం. వైద్యులు ఇందుకు పూర్తి భిన్నమైన సలహా ఇస్తున్నారు. బిడ్డ తినగలిగినంత తినిపించాలని, తల్లిపాలు ఎట్టి పరిస్థితులలోను ఆపరాదని వారు చెబుతున్నారు.

ఈ సలహాకు కారణం పేగు నిర్మాణంలోనే ఉంది. పేగు లోపలి గోడకు పూతలా అమరిన కణాలు తమ అడుగునున్న పొరను ఎలా పట్టుకొని ఉంటాయి, ఎంతకాలం పట్టుకొని ఉంటాయి, పట్టు వదిలిన తరువాత ఆ స్థానం ఎలా భర్తీ అవుతుంది అన్న మూడు విషయాలు తెలిస్తే, విరేచనాల వేళ ఆహారం ఆపడం బిడ్డకు ఎందుకు హాని చేస్తుందో స్పష్టమవుతుంది.

ఒకే వరుస కణాల గోడ

మనం తిన్న ఆహారానికి, మన రక్తానికి మధ్య చిన్నపేగులో ఉన్న అడ్డు ఒకే ఒక్క వరుస కణాలు. ఈ కణాల ఎత్తు మిల్లీమీటరులో నలభయ్యో వంతుకు అటూ ఇటుగా ఉంటుంది. తల వెంట్రుక మందం కంటే ఇది తక్కువ. చర్మంపై కణాలు అనేక వరుసలుగా పేర్చి ఉండగా, పేగులో ఒకే వరుస ఉండటానికి కారణం లేకపోలేదు. చర్మం పని అడ్డుకోవడం. పేగు అడ్డుకోవడంతోపాటు పోషకాలను లోనికి తీసుకోవాలి కూడా. గోడ మందమైతే పోషకాలు దాటలేవు, పలుచనైతే క్రిములు దాటుతాయి. ఈ రెంటి నడుమ ప్రకృతి కుదుర్చుకున్న రాజీయే ఆ ఒంటి వరుస.

ఈ గోడ చదునుగా ఉండదు. లోపలి వైపునకు వేలకొద్దీ వేళ్లలా పొడుచుకొని వచ్చిన చూషకాలు, వాటి మొదళ్ల వద్ద లోతుగా దిగిన గుహికలు అనే గుంతలతో అది వరి మడిని తలపిస్తుంది. చూషకాలు పోషకాలను పీల్చుకునే భాగం. గుహికలు కొత్త కణాలు పుట్టే భాగం. పేగు లోపలి వైశాల్యం టెన్నిస్ కోర్టు అంత ఉంటుందని పాఠ్యపుస్తకాలలో, పత్రికలలో తరచు కనిపిస్తుంది. 2014లో స్వీడన్ పరిశోధకులు తిరిగి లెక్కించినప్పుడు మొత్తం జీర్ణనాళం లోపలి వైశాల్యం సుమారు 32 చదరపు మీటర్లుగా తేలింది. అది బ్యాడ్మింటన్ కోర్టులో సగానికి మించదు. పాత పోలిక ఇంకా వాడుకలో ఉన్నందున పాత్రికేయులు ఈ సవరణను గమనించడం మంచిది.

కణాల కింద ఉన్న నేల

ఈ కణాల వరుస గాలిలో నిలబడి లేదు. దాని అడుగున ఆధార త్వచం అనే పలుచని పొర ఉన్నది. మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు స్థాయిలో ఉండే ఈ పొరను కణాలే స్రవించి తయారు చేసుకుంటాయి. పైనున్న కణాలు, కిందనున్న కణజాలం రెండూ ఇందుకు ముడిసరుకు అందిస్తాయి. నాలుగవ రకం కొల్లాజెన్ వలలా అల్లుకొని దీనికి బలాన్నిస్తుంది. లామినిన్ అనే ప్రొటీన్ మరొక వలగా ఏర్పడి కణాలకు పట్టు చిక్కే చోటు అవుతుంది. నిడోజెన్, పెర్లెకాన్ అనే మరి రెండు పదార్థాలు ఈ రెండు వలలను కలిపి ఉంచుతాయి. లామినిన్ మూడు పోగులు పెనవేసుకొని శిలువ ఆకారంలో ఉంటుంది. దీనిని 1979లో గుర్తించారు.

రహమత్ నగర్ వాసులకు పరిచితమైన పోలిక చెప్పాలంటే, ఇది సినిమా స్టూడియో ఫ్లోర్ వంటిది. ఫ్లోర్ మీద ఒకరోజు రాజభవనం లేస్తుంది, నాలుగు రోజులకు దానిని విప్పి వేస్తారు, మరునాటికి పల్లెటూరి వీధి వెలుస్తుంది. సెట్లు మారుతూ ఉంటాయి, ఫ్లోర్ మాత్రం అక్కడే ఉంటుంది. పేగులో కణాలు మారుతూ ఉంటాయి, ఆధార త్వచం నిలిచి ఉంటుంది. ఇక సెట్టును ఫ్లోరుకు బిగించే మేకుల సంగతి చూడవలసి ఉన్నది.

ఇంటెగ్రిన్లు: పట్టుకొనే చేతులు

కణాన్ని ఆధార త్వచానికి బిగించి ఉంచే ప్రొటీన్లకు ఇంటెగ్రిన్లు అని పేరు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన రిచర్డ్ హైన్స్ బృందం 1986లో ఈ పేరు పెట్టింది. కణం వెలుపలి మాతృకను, కణం లోపలి అస్థిపంజరాన్ని ఒకటిగా సమన్వయం చేస్తాయి గనుక ఆ పేరు వచ్చింది. ఈ రంగంలో కృషికి హైన్స్‌కు, ఎర్కీ రుయోస్లాటికి, తిమోతీ స్ప్రింగర్‌కు 2022లో లాస్కర్ పురస్కారం లభించింది. మానవ శరీరంలో 18 రకాల ఆల్ఫా పోగులు, 8 రకాల బీటా పోగులు ఉండగా, అవి జతకట్టి మొత్తం 24 రకాల ఇంటెగ్రిన్లు ఏర్పడతాయి.

ప్రతి ఇంటెగ్రిన్ కణపు పొరను దాటి ఉంటుంది. దాని తల బయట, తోక లోపల. తల లామినిన్‌ను గాని కొల్లాజెన్‌ను గాని పట్టుకొంటుంది. తోక కణం లోపలి దారాలకు ముడిపడి ఉంటుంది. ఒక్కొక్క ఇంటెగ్రిన్ పట్టు నిజానికి అంత గట్టిది కాదు. పంచె అంచుకు అంటుకొన్న ఒక్క ఉత్తరేణి గింజను గోటితో తీసివేయవచ్చు, చేనంతా నడిచి వచ్చిన పంచెను శుభ్రం చేయాలంటే ఒక పూట పడుతుంది. అదే విధంగా వందలాది ఇంటెగ్రిన్లు ఒకచోట గుమిగూడినప్పుడే కణానికి నిలకడ వస్తుంది.

పేగు కణంలో అన్నిటికంటే ముఖ్యమైన పట్టు ఆల్ఫా–6 బీటా–4 అనే జతది. ఇతర ఇంటెగ్రిన్ల తోకలు పొట్టివి. బీటా–4 తోక అసాధారణంగా పొడవైనది. అది ప్లెక్టిన్ అనే ప్రొటీన్ ద్వారా కణం లోపలి కెరాటిన్ దారాలకు ముడిపడుతుంది. ఇలా ఏర్పడిన గట్టి బిగింపును అర్ధ డెస్మోసోమ్ అంటారు. చర్మంలోను ఇదే బిగింపు ఉన్నప్పటికీ అక్కడ దానికి తోడుగా మరి రెండు ప్రొటీన్లు పని చేస్తాయి. పేగులో అవి లేవు. చర్మంతో పోలిస్తే పేగు బిగింపు తేలికపాటిది. కణాలు మూడు నాలుగు రోజులలో కదిలిపోవలసిన చోట బిగింపు తేలికగా ఉండటమే సబబు.

ఈ మేకు లేకపోతే ఏమవుతుందో ప్రకృతి కొందరు పసికందులలో చూపించింది. ఆల్ఫా–6 లేదా బీటా–4 జన్యువు దెబ్బతిన్న శిశువులకు పుట్టుకతోనే చర్మం పొక్కులుగా లేచిపోతుంది. జీర్ణాశయపు కింది ద్వారం మూసుకొని ఉంటుంది. కొందరిలో పేగు లోపలి పొర పలకలు పలకలుగా ఊడివస్తుంది. ఈ అరుదైన వ్యాధికి బీటా–4 జన్యులోపం కారణమని 1995లో నిర్ధారణ అయింది. ఎలుకల పేగులో మాత్రమే ఆల్ఫా–6ను తొలగించి చూసిన పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఆ ఎలుకలకు పెద్దపేగు వాపు వ్యాధి, ఆపై క్యాన్సర్ వచ్చాయి. బిగింపు సడలితే గోడ ఊడిపోవడంతో ఆగదు, లోపలి రక్షణ వ్యవస్థ మొత్తం అలజడికి లోనవుతుందని దీనివలన తెలిసింది.

పట్టు వదిలిన కణానికి మనుగడ లేదు

ఇంటెగ్రిన్లు మేకులు మాత్రమే కావు, వార్తాహరులు కూడా. అడుగున ఆధార త్వచం ఉన్నదన్న కబురును అవి నిరంతరం కణం లోపలికి చేరవేస్తుంటాయి. ఆ కబురు ఆగిపోయిన కణం తనను తాను అంతం చేసుకొంటుంది. 1994లో స్టీవెన్ ఫ్రిష్, హంటర్ ఫ్రాన్సిస్ అనే శాస్త్రవేత్తలు ఈ ప్రక్రియను వర్ణించి, దానికి అనోయికిస్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో దీని అర్థం ఇల్లు లేకపోవడం. ఊడిపోయిన కణం శరీరంలో మరెక్కడో అతుక్కొని పెరగకుండా ఇది కాపాడుతుంది. ఈ నియమాన్ని ఉల్లంఘించి, పట్టు లేకుండానే బతకడం నేర్చిన కణాలే క్యాన్సరులో శరీరమంతటా వ్యాపిస్తాయి.

ఆరోగ్యవంతమైన పేగులో ఈ పుట్టుక, పయనం, మరణం నిత్యకృత్యం. గుహిక అడుగున ఉన్న మూలకణాలు నిరంతరం విభజన చెందుతాయి. కొత్త కణాలు గుహిక నుంచి చూషకం అంచు వరకు ఆధార త్వచం మీదుగా పైకి జరుగుతాయి. శిఖరానికి చేరేసరికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. అక్కడ పట్టు వదిలి పేగులోకి రాలిపోతాయి. రాలే కణం ఇరుపక్కల ఉన్న కణాలు ముందుగానే ఒకదానినొకటి చేరుకొని సందు మూసివేస్తాయి గనుక గోడకు కంత పడదు. 2021లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం మానవ శరీరంలో రోజుకు సుమారు 33 వేల కోట్ల కణాలు మారుతుండగా, అందులో దాదాపు 12 శాతం, అంటే సుమారు 4 వేల కోట్లు, జీర్ణనాళపు లోపలి పొరవే. రక్తకణాల తరువాత ఇంత వేగంగా మారేవి మరేవీ లేవు.

పయనంలో కణం పట్టుకొనే చేతులు కూడా మారతాయి. కెనడాలోని షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయంలో జాన్ ఫ్రాన్స్వా బోల్యూ 1990ల నుంచి మానవ పేగుపై జరిపిన పరిశోధనలలో, గుహిక అడుగున ఒక రకం లామినిన్, చూషకంపై వేరొక రకం లామినిన్ ఉన్నట్లు తేలింది. అందుకు తగినట్లే గుహికలోని కణాలకు ఆల్ఫా–2 బీటా–1 అనే ఇంటెగ్రిన్, చూషకంపై కణాలకు ఆల్ఫా–3 బీటా–1 ఉంటాయి. ఆల్ఫా–6 బీటా–4 మాత్రం మొదటి నుంచి చివరి వరకు వెంట ఉంటుంది. కాళ్ల కింద ఉన్న నేలను బట్టి తాను ఇంకా విభజన చెందాలా, పరిపక్వమై పోషకాలు పీల్చే పనిలోకి దిగాలా అన్న విషయం కణానికి తెలుస్తుందని భావిస్తున్నారు.

నేలకు ఉన్న ప్రాముఖ్యాన్ని తిరుగులేకుండా చూపిన ప్రయోగం నెదర్లాండ్స్‌లో జరిగింది. హాన్స్ క్లేవర్స్ బృందం 2007లో పేగు మూలకణాలను గుర్తించింది. 2009లో అదే బృందానికి చెందిన తోషిరో సాటో ఒక్క మూలకణాన్ని తీసుకొని లామినిన్ సమృద్ధిగా ఉన్న జిగురు పదార్థంలో ఉంచి, కొన్ని ఎదుగుదల కారకాలను అందించగా, అది గుహికలు, చూషకాలను పోలిన భాగాలతో బుల్లి పేగుగా ఎదిగింది. పక్కన రక్తనాళం లేదు, నరం లేదు, కండరం లేదు. ఒక విత్తనం, దానికి తగిన నేల ఉన్నాయి, అంతే.

ఏ క్రిమి దేనిని దెబ్బ తీస్తుంది?

విరేచనాలన్నిటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు. పేగు కణాల పట్టు దృష్ట్యా చూస్తే కలరా, రోటావైరస్, జిగట విరేచనాలు మూడు వేర్వేరు కథలు.

కలరా క్రిమి పేగు గోడను కూల్చదు. అది విడుదల చేసే విషం కణాల లోపల ఉప్పు నీటి ప్రవాహాన్ని తలకిందులు చేస్తుంది. కణాలు తమ స్థానంలోనే ఉండి, లీటర్ల కొద్దీ నీటిని పేగులోకి వదులుతాయి. ఈ విషం ఉన్నదని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే నిరూపించారు. 2009 మే నెలలో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో తాగునీరు కలుషితమై పలువురు మరణించిన సంఘటన పాత్రికేయులకు గుర్తుండే ఉంటుంది. అటువంటి సందర్భాలలో ప్రాణం తీసేది పేగు పుండు కాదు, శరీరంలో నీరు, లవణాలు ఇంకిపోవడం.

కణాలు చెక్కుచెదరక ఉండటమే ఇక్కడ వైద్యానికి దారి. గ్లూకోజు, సోడియంలను జంటగా లోనికి తీసుకొనే ద్వారం కలరాలో కూడా పని చేస్తూనే ఉంటుంది. ఆ ద్వారం గుండా వెళ్లే ఉప్పు, చక్కెరల వెంట నీరు కూడా లోనికి వెళుతుంది. ఓ.ఆర్.ఎస్. పని చేసే కిటుకు ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బన్‌గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్ని పెద్ద ఎత్తున వాడి, సుమారు 30 శాతంగా ఉన్న మరణాలను 4 శాతం లోపునకు తగ్గించారు.

రోటావైరస్ కథ వేరు. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం గుర్తించిన ఈ వైరస్ చూషకం శిఖరాలపై ఉన్న పరిపక్వ కణాలను ఎంచుకొని దాడి చేస్తుంది. ఈ వైరస్ జాతులలో కొన్ని కణం లోనికి ప్రవేశించడానికి ఇంటెగ్రిన్లనే మెట్లుగా వాడుకొంటాయని ప్రయోగశాలలలో తేలింది. వ్యాధి సోకిన కణాలు రాలిపోతాయి, చూషకాలు పొట్టివవుతాయి, పాలలోని చక్కెరను జీర్ణం చేసే శక్తి తాత్కాలికంగా తగ్గుతుంది. కాని గుహికలోని మూలకణాలు, వాటి కింద ఉన్న ఆధార త్వచం భద్రంగా ఉంటాయి. పై పైరు పోయినా వేళ్లు మిగిలిన మడి ఇది. కొత్త కణాలు శిఖరానికి ఎక్కడానికి పట్టే కాలమే సుమారుగా బిడ్డ కోలుకోవడానికి పట్టే కాలం.

జిగట విరేచనాలలో, ముఖ్యంగా రక్తం పడినప్పుడు, పరిస్థితి తీవ్రమైనది. షిగెల్లా క్రిమి కణాల లోనికి చొరబడి ఒకదాని నుంచి మరొకదానికి పాకుతుంది. శరీరం తన సహజ రక్షణగా సోకిన కణాలను త్వరగా రాల్చివేయడానికి ప్రయత్నిస్తుంది. షిగెల్లా దీనికి విరుగుడు నేర్చుకొన్నది. అది కణంలోకి పంపే ఒక ప్రొటీన్ ఇంటెగ్రిన్ల పట్టును మరింత బిగించి, కణం రాలిపోకుండా ఆపుతుందని 2009లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఇంటివాడు తలుపు తీసి వెళ్లిపోదామనుకొంటే, లోపల జొరబడిన దొంగ తలుపుకు గొళ్లెం పెట్టినట్లున్నది ఈ ఎత్తు. అమీబా మరొక పద్ధతి అనుసరిస్తుంది. దాని ఎంజైములు కొల్లాజెన్‌ను, లామినిన్‌ను కోసివేస్తాయి. అంటే నేలనే తవ్వివేస్తాయి. అందువల్లనే అమీబా పుండ్లు పైకి చిన్నవిగా, లోపల వెడల్పుగా కూజా ఆకారంలో ఉంటాయి.

మలంలో రక్తం కనిపించడం అంటే నేల దెబ్బతిన్నదని అర్థం. అటువంటి బిడ్డను ఓ.ఆర్.ఎస్. ఇస్తూనే వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి, తగిన మందులు అవసరమవుతాయి. నీళ్ల విరేచనాలకు మాత్రం యాంటీబయాటిక్ మందులు సాధారణంగా అవసరం లేదు. ఈ తేడా తెలియక మందుల దుకాణంలో అడిగి వాడే మాత్రలు బిడ్డకు మేలు చేయవు.

హైదరాబాద్ నుంచి వచ్చిన టీకా

రోటావైరస్‌పై దేశీయంగా రూపొందిన రోటావాక్ టీకాను జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ సంస్థ తయారు చేసింది. దీనికి మూలమైన 116ఇ అనే వైరస్ జాతిని 1980ల మధ్యలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం నవజాత శిశువుల నుంచి వేరుచేసింది. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై జరిపిన మూడవ దశ పరీక్షలలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను ఈ టీకా మొదటి ఏడాది సుమారు 56 శాతం మేరకు నివారించింది. 2015 మార్చిలో దీనిని విడుదల చేశారు. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో చేర్చినప్పుడు ప్రథమంగా ఎంపికైన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, తెలంగాణలో 2019లో ప్రవేశపెట్టారు. 6, 10, 14 వారాల వయసులో నోటి ద్వారా చుక్కలుగా వేస్తారు. 56 శాతం రక్షణ అంటే మిగిలిన పిల్లలకు ఓ.ఆర్.ఎస్., జింకు అవసరం తీరలేదని క్షేత్రస్థాయి సిబ్బంది గుర్తుంచుకోవాలి.

భీమవరం నుంచి వెళ్లిన వైద్యుడు

పేగు పొర పునరుద్ధరణ గురించి చెప్పేటప్పుడు తెలుగువారు డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావును తలచుకోవలసి ఉంటుంది. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన ఆయన ఇద్దరు సోదరులు స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఆయనకు కూడా అదే వ్యాధి సోకగా ఆయుర్వేద వైద్యుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకొన్నారు. స్ప్రూలో చూషకాలు పొట్టివై, పోషకాలు లోనికి ఇంకక, రోగి ఎడతెగని విరేచనాలతో, రక్తహీనతతో క్షీణిస్తాడు. మద్రాసులో వైద్యవిద్య ముగించి 1923లో అమెరికా వెళ్లిన సుబ్బారావు, తరువాతి కాలంలో లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన పర్యవేక్షణలో 1945లో ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ జరిగింది. 1940ల రెండో భాగంలో క్యూబా, ప్యూర్టోరికోలలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా గుణం కనిపించింది.

కణం విభజన చెందాలంటే కొత్త డీఎన్ఏ తయారు కావాలి, అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. శరీరంలో అత్యంత వేగంగా విభజన చెందే గుహికలకు దాని కొరత ముందుగా తగులుతుంది. గుహిక నుంచి కొత్త కణాలు రాకపోతే, శిఖరం వద్ద పాతవి రాలుతూనే ఉంటాయి గనుక చూషకం క్రమంగా కుంచించుకుపోతుంది. ఇదే సూత్రాన్ని తిరగవేసి సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే ఔషధాలను కూడా తయారు చేసింది. వాటితో 1948లో సిడ్నీ ఫార్బర్ బాలల రక్త క్యాన్సరును తాత్కాలికంగా అదుపు చేయగలిగారు. నేటికీ వాడుకలో ఉన్న మెథోట్రెక్సేట్ ఆ కోవలోనిదే. ఆ మందు వాడే రోగులకు నోటిపూత, విరేచనాలు ఎందుకు వస్తాయో ఇప్పుడు వేరే చెప్పనక్కరలేదు. క్యాన్సరు కణాలతోపాటు గుహికలలోని విభజన కూడా నెమ్మదిస్తుంది. 1948 ఆగస్టు 8న 53 ఏళ్ల వయసులో సుబ్బారావు న్యూయార్క్‌లో మరణించారు.

లంఖణం ఎందుకు తగదు?

పేగు కణాలకు ఆహారం రక్తం నుంచి మాత్రమే రాదు. తమ ముందు నుంచి పారే ఆహారంలోని పోషకాలను అవి నేరుగా వాడుకొంటాయి. పేగులోకి ఏమీ రాకపోతే గుహికలలో విభజన మందగిస్తుంది, చూషకాలు మరింత పలుచబడతాయి. రోటావైరస్ వలన శిఖరాలు కోల్పోయిన పేగుకు కావలసినది కొత్త కణాలు. ఆ కణాలు పుట్టవలసిన సమయంలో తిండి ఆపడం అంటే పంట పోయిన మడికి నీరు కట్టివేయడమే. అసలే బరువు తక్కువగా ఉన్న బిడ్డ ఒక విరేచనాల దఫాలో మూడు రోజులు పస్తుంటే, తేరుకోకముందే మరొక దఫా వస్తుంది. ఈ వలయంలో చిక్కిన బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది.

పెద్దల నానుడిలో నిజం లేదని అనలేము. అజీర్ణంతో బాధపడే పెద్దవారికి ఒక పూట పస్తు ఉపశమనం ఇవ్వవచ్చు. ఏడాది బిడ్డకు ఆ కొలబద్ద వర్తించదు. పలుచని పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు వంటివి కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు ఇవ్వాలి. తల్లిపాలు ఆపకుండా మామూలు కంటే ఎక్కువసార్లు పట్టాలి. శీతల పానీయాలు, చక్కెర అధికంగా ఉన్న పండ్లరసాలు మాత్రం ఇవ్వరాదు. ఎక్కువ చక్కెర పేగులోకి మరింత నీటిని లాగుతుంది. ఇదే కారణంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఓ.ఆర్.ఎస్. గాఢతను తగ్గించింది. ప్రస్తుతం వాడుకలో ఉన్న ప్రామాణిక పొట్లంలోని 20.5 గ్రాముల పొడిని సరిగ్గా ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలపాలి. చెంచాడు చొప్పున పొట్లంలోంచి తీసి గ్లాసులో కలిపే అలవాటు పలు ఇళ్లలో ఉంది. ఏ చెంచాలో ఉప్పు ఎంత, చక్కెర ఎంత వచ్చిందో చెప్పలేము గనుక ఈ అలవాటును సిబ్బంది మాన్పించవలసి ఉన్నది. పొట్లాల పేరుతో దుకాణాలలో అమ్మే తీపి పానీయాలు ఓ.ఆర్.ఎస్. కావన్న విషయాన్ని కూడా తల్లులకు చెప్పాలి.

వార్తలలో వాడే మాటల విషయంలోను కొంత జాగ్రత్త అవసరం. నీళ్ల విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన ప్రతి బిడ్డకు పేగులు పుండ్లు పడ్డాయని రాయడం సరికాదు. ఆ మాట చదివిన తల్లి పుండు మానేవరకు తిండి పెట్టకూడదనుకొంటుంది. రక్తం పడిన సందర్భాలకు మాత్రమే ఆ మాటను పరిమితం చేస్తే అర్థం చెడదు, హాని జరగదు.

కేంద్ర ప్రభుత్వం 2014 నుంచి ఏటా అతిసార నియంత్రణ పక్షోత్సవాలు నిర్వహించి, 2024లో ఆ కార్యక్రమాన్ని రెండు నెలలకు విస్తరించింది. ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లకు ఆశా కార్యకర్తలు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, జింకు మాత్రలు చేరవేస్తున్నారు. రెండు నెలల నుంచి ఆరు నెలల లోపు శిశువుకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటిన బిడ్డకు 20 మిల్లీగ్రాముల జింకు చొప్పున 14 రోజులు ఇవ్వాలి. విరేచనాలు సాధారణంగా మూడు నాలుగు రోజులలో తగ్గుముఖం పడతాయి, ఆనాటితో మాత్రలు ఆపివేయడం అత్యధికంగా జరిగే పొరపాటు. గుహికలలో పుట్టిన కొత్త కణాలు చూషకాలను పూర్వపు ఎత్తుకు తీసుకురావడం ఆ తరువాతి రోజులలో జరిగే పని. అందుచేత రహమత్ నగర్ వంటి పేటలలో పనిచేసే కార్యకర్తలు పొట్లం ఇచ్చి రావడంతో సరిపెట్టుకోకుండా, వారం రోజుల తరువాత మళ్లీ అదే గడప తొక్కి, మాత్రల అట్టలో ఇంకా ఎన్ని మిగిలి ఉన్నాయో లెక్క చూడవలసి ఉన్నది.